నుదురు కదలకుండా చేసే మందు

చోడవరంలో చర్మవ్యాధుల డాక్టరునని బోర్డు పెట్టిన కొత్తలో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో సగం మంది జ్వరానికో కడుపునొప్పికో వచ్చారు. చర్మానికి వేరే డాక్టరెందుకో వాళ్ళకు అర్థం కాలేదు. మొదటి ఏడాది నాకూ అంతగా అర్థం కాలేదు. తర్వాత గజ్జి, తామర, బొల్లి, చెరుకు కోతల్లో ఆకు కోసుకుని చేతుల నిండా వచ్చే దురద, ఇవన్నీ వరస కట్టేసరికి ఆ అనుమానం తీరిపోయింది.

ఇప్పుడివి రాయడానికి కారణం మా మేనకోడలు. తనూ చర్మ డాక్టరే అయింది. మొన్న ఫోన్ చేసి, "అత్తా, ఇరవై నాలుగేళ్ళ పిల్లలు ముడతలు రాకముందే ఇంజెక్షన్ వేయమని అడుగుతున్నారు. ఏం చెప్పాలి? మీ రోజుల్లో ఈ గోల లేదులే," అంది. మా రోజుల్లో అంటే మేమేదో ఆకుపసర్లు నూరుకుంటూ కూర్చున్నామని దాని ఉద్దేశం. ఆ గోల నాకు తొంభైల చివర్లోనే, ఈ చోడవరంలోనే తగిలింది. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మిగతా పిల్లలకూ పనికొస్తే సంతోషం.

మా సారు

విశాఖపట్నంలో నాకు చర్మం చూడడం నేర్పిన ప్రొఫెసరు గారిది మంచి నోరు కాదు. కేసు షీటు నచ్చకపోతే విసిరి కొట్టేవారు. అందరి ముందు నన్ను రెండుసార్లు ఏడిపించారు. ఆ విషయంలో ఆయన్ను నేనిప్పటికీ క్షమించలేదు. కానీ ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పేషెంటు వచ్చి కూర్చోగానే మచ్చ ఎక్కడుందని అడగనిచ్చేవారు కాదు. ఊరు, పని, ఇంట్లో ఎవరెవరుంటారు, ఇలా ఏదో ఒకటి మాట్లాడించమనేవారు. మేం గబగబా భూతద్దం తీస్తే చేతి మీద కొట్టేవారు.

"మనిషిని బొమ్మలా కూర్చోబెట్టి చూస్తే నీకు బొమ్మే కనిపిస్తుంది. మాట్లాడనీ, నవ్వనీ, అప్పుడు చూడు," అనేవారు.

అప్పట్లో ఇదంతా టైమ్ వేస్టు అనుకునేదాన్ని. బయట వందమంది లైన్లో ఉంటే ఊరూ పేరూ అడుగుతూ కూర్చుంటారా అని గొణుక్కునేదాన్ని. సొంత ప్రాక్టీసులోకి వచ్చాక గాని ఆ పద్ధతి విలువ తెలియలేదు. మొహం మీద జబ్బు సంగతి మరీను. మొహం కదులుతుంటే ఒకలా ఉంటుంది, ఆగితే ఇంకోలా ఉంటుంది.

జబ్బు రాకముందే మందు

మా వైపు జనానికి డాక్టరంటే భయం గాని మందంటే భయం లేదు. చీడికాడ నుంచి ఒకబ్బాయి వచ్చాడు. పెళ్ళిచూపులకు వెళ్ళాలట. మొహమంతా ఎర్రగా కందిపోయి, బుగ్గల మీద సన్నటి నరాలు దారాల్లా తేలి ఉన్నాయి. ఏం రాశావురా నాయనా అంటే జేబులోంచి ఒక ట్యూబు తీశాడు. వాళ్ళ బావకి తామరకిచ్చిన స్టెరాయిడ్ క్రీము అది.

"బావకి మచ్చ పోయి తెల్లగా వచ్చిందండి. మచ్చ లేకపోతే ఇంకా తెల్లగా వస్తదని ముందే రాసేను," అన్నాడు.

తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. అతను చెప్పిన లెక్క చదువుకున్నవాళ్ళు కూడా వేస్తారు. రోగానికి పనిచేసే మందు రోగం లేనివాడికి ఇంకా బాగా పనిచేస్తుందని అనుకోవడం చాలా సహజం. ఆ మొహం మళ్ళీ దారిలో పడడానికి నెలలు పట్టింది. పెళ్ళి మాత్రం కుదిరింది. అమ్మాయి వాళ్ళు ఎరుపు చూసి మంచి రక్తపుష్టి అనుకున్నారట.

అయితే ముందుజాగ్రత్త అంతా తప్పని కూడా అనను. ఎండలో గొడుగు ముందుజాగ్రత్తే. ఇంట్లో ఒకరికి గజ్జి వస్తే ఒకే పూట అందరి ఒంటికీ మందు రాయించడం ముందుజాగ్రత్తే. ఏది గొడుగో ఏది బావగారి ట్యూబో తేల్చడానికే మనకు జీతం.

శేషు ఐసు డబ్బా

శేషు నాతో చదువుకున్నాడు. విశాఖపట్నంలో క్లినిక్ పెట్టి బాగా సంపాదించాడు. తొంభైల చివర్లో ఒకరోజు ఫోన్ చేసి, ముడతలకు ఇంజెక్షన్ తెప్పిస్తున్నానని చెప్పాడు. బొటులినం అనే పదార్థాన్ని అతి చిన్న మోతాదులో నుదుటి కండరాల్లోకి ఎక్కిస్తే ఆ కండరం కొన్నాళ్ళు నిద్రపోతుంది. కండరం ముడుచుకోదు కాబట్టి పైన చర్మం మడత పడదు. మూడు నాలుగు నెలలకు ప్రభావం పోతుంది, మళ్ళీ వేయించుకోవాలి. అంతకుముందు కంటి డాక్టర్లు రెప్పలు అదిరే జబ్బుకు వాడేవారని విన్నాను. అందానికి వాడడం అప్పుడప్పుడే మనవైపు వస్తోంది.

మందు హైదరాబాదు నుంచి ఐసు డబ్బాలో వచ్చేది. సీసా విప్పితే త్వరగా వాడెయ్యాలి. అందుకని శేషు నలుగురైదుగురిని ఒకే ఆదివారానికి పోగు చేసేవాడు. ఇంకొకరు తక్కువైతే మందు వృథా. అలాంటప్పుడు ఎవరైనా ఉంటే పంపమని నాకు ఫోన్ చేసేవాడు. వాడు మోసగాడు కాదు, చెయ్యి మంచిది కూడాను. కానీ సగం మిగిలిన సీసా ఎదురుగా ఉంటే ఎంత మంచి డాక్టరుకైనా ఎదుటి నుదుటి మీద గీతలు కొంచెం ఎక్కువగానే కనిపిస్తాయి. కొత్త డాక్టర్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నాకు ఆ ఇంజెక్షన్ మీద పగేమీ లేదు. నేను జుట్టుకు రంగు వేసుకునే మనిషిని. వయసు దాచుకునేవాళ్ళకు నీతులు చెప్పే అర్హత నాకెక్కడిది.

రత్నం వచ్చిన రోజు

బుచ్చయ్యపేట పక్క పల్లె నుంచి అప్పలనరసమ్మ అనే ఆవిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. చెరుకు కోతలకు వెళ్తుంది. చేతులు మోచేతుల దాకా గీరుకుపోయి ఉన్నాయి. ఆవిడకు పుట్టుకతోనే చెవుడు, మాట లేదు. వెంట కూతురు వచ్చింది. పేరు నూకరత్నం, ఇంట్లో రత్నం. ఇరవై నాలుగేళ్ళు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఒక్కతే పెంచి డిగ్రీ చదివించింది. విశాఖపట్నంలో ఒక హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తూ లేడీస్ హాస్టల్లో ఉంటుంది. తల్లిని చూపించడానికి సెలవు పెట్టి వచ్చింది.

తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవడం చూడాలి. చేతులు సరే, ఏ ఇంటి చేతి సైగలు ఆ ఇంటివి. చూడాల్సింది రత్నం నుదురు. కనుబొమలు జుట్టు దాకా లేచేవి, దగ్గరికొచ్చి ముడిపడేవి, ఒకటి లేచి ఒకటి ఆగేది. మందు ఎలా రాయాలో నేను ఒక్క ముక్కలో చెప్తే ఆ పిల్ల దాన్ని నుదుటితో కథలా చెప్పింది. తల్లి మధ్యలో నా వైపు చూసి నవ్వింది. నా గురించి కూడా ఏదో చెప్పుకున్నారని అర్థమైంది. ఏం చెప్పుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి రత్నం మళ్ళీ లోపలికొచ్చింది.

"డాట్రమ్మగారూ, నా సంగతి కూడా ఒకటి అడగొచ్చాండి?"

"అడుగమ్మా."

"ఈ నుదురండి. గీతలు సూడండి. ఆదివారం వైజాగులో ఇంజక్షనుకి పేరిచ్చేను. ఇప్పుడే మొదలెడితే ముదరవంట. మీరు కూడా సరే అంటే ధైర్యంగా ఏయించుకుంటాను."

పేరిచ్చింది శేషు దగ్గరే. నుదుటి మీద మూడు సన్నటి గీతలున్నాయి. మొహం ఆపితే మాయమవుతున్నాయి. ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను. మొదట లేదంది. తర్వాత చెప్పింది.

"మా మేనేజరు గారికి నచ్చట్లేదండి. రిసెప్షన్‌లో మొహం నిలకడగా ఉండాలంట. రూమ్ ఏసీయా, మామూలుదా అని గెస్టుని అడిగితే, అంత ఆశ్చర్యం ఎందుకమ్మా అన్నాడొకాయన. నేను ఆశ్చర్యపడలేదండి, ఊరికే అడిగేను. నా మొహం అంతే. ఇలగే ఉంటే లోపల టెలిఫోన్ గదిలో ఏసేస్తామంటన్నారు. మొహం ఎవరికీ కనపడదు కదా అని."

ఈ చివరి మాట అనేటప్పుడు నుదురు కదలలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. ఇంజెక్షన్ పనిచేస్తుంది. ప్రాణభయం ఉండదు. అప్పుడప్పుడు రెప్ప వాలుతుంది, కొన్ని వారాలకు సర్దుకుంటుంది. ముందుగా మొదలుపెడితే గీతలు లోతుగా పడవన్నది వినడానికి సబబుగానే ఉంది గాని, ఇరవై నాలుగో ఏట మొదలెట్టి ఇరవై ఏళ్ళు వేయించుకున్న మనిషిని నేను చూడలేదు, శేషూ చూడలేదు. ఒక ఏడాది ఆగితే కొంప మునిగేదేమీ లేదు. వేయించుకుని నచ్చక మానేసినా కొన్ని నెలల్లో మునుపటిలాగే అవుతుంది. నువ్వు నిర్ణయించుకోవాల్సింది ఒక ఇంజెక్షన్ గురించి కాదమ్మా, ఏళ్ళ తరబడి చేసే పని గురించి.

"మరి ఏటి సెయ్యమంటారు?" అంది.

ఇక్కడే మన వాళ్ళు తొందరపడతారు. మొగ డాక్టర్లయితే ఇంత చక్కని పిల్లవి నీకెందుకమ్మా అంటారు. ఆడ డాక్టర్లయితే అందం మనసులో ఉంటుందంటారు. ఉద్యోగం పోతుందని భయపడేదానికి ఈ రెండూ పనికిరావు. నా కళ్ళ ముందు మాత్రం ఇందాక తల్లితో మాట్లాడిన ఆ నుదురే ఆడుతోంది.

డ్రెస్సింగుకు వాడే వెడల్పాటి ప్లాస్టర్ తీసి నుదుటి మీద అడ్డంగా గట్టిగా అతికించి చేతికి అద్దమిచ్చాను. "కనుబొమలు లేపు," అన్నాను. లేపబోయింది. ప్లాస్టర్ పట్టుకుంది.

"ఇంజెక్షన్ వేస్తే దాదాపు ఇలాగే ఉంటుంది. ఎలా ఉంటుందో తెలిసింది కదా. ఇప్పుడు ఇది తీసేస్తాను. సెలవు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో కూడా నుదురు కదపకుండా ఉండి చూడు. మీ అమ్మకి చెప్పకు. వేయించుకునేదీ లేనిదీ ఆదివారం లోపల నువ్వే నాకు చెబుదువుగాని."

"అంతేనేటండి? అదెంత పని," అంది. బయటికెళ్ళి తల్లికి ఇంటికి పోదామని సైగ చేసింది. అప్పుడే మొహం బిగించి చేసింది. అప్పలనరసమ్మ కూతురి వైపు ఒక క్షణం తేరిపార చూసి లేచింది.

శనివారం

ఆ శనివారం నేను గది తలుపులు తీయకముందే అప్పలనరసమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఒక్కతే వచ్చింది. ఎప్పుడూ కూతురో పొరుగువాళ్ళో లేకుండా బస్సెక్కని మనిషి. దురద ఎక్కువైందేమో అనుకుని చేతులు చూపించమన్నాను. ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది.

తన అరచేతిని తన మొహం మీద పై నుంచి కిందికి దింపింది. చెయ్యి దిగేసరికి ఆ మొహంలో ఏమీ లేదు. అంతవరకూ క్షణానికో రంగు మారిన మొహం ఒట్టి గోడలా అయిపోయింది. తర్వాత కూతురంత ఎత్తున గాలిలో చెయ్యి పెట్టి చూపించింది. ఆ తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుని నన్ను చూసింది. ఏం పోయిందో అడుగుతోంది. తనేం చేసిందో అడుగుతోంది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

చెప్పడానికి నా దగ్గర నోరు తప్ప ఏమీ లేదు. అది ఆవిడకు పనికిరాదు. భుజం మీద చెయ్యేసి పక్కన కూర్చున్నాను.

తర్వాతి బస్సుకి రత్నం పరుగెత్తుకుంటూ వచ్చింది. జడ కూడా వేసుకోలేదు.

"ఇంట్లో కనపడకపోతే ఊరంతా ఎతికేనండి. ఇక్కడికే వస్తదని తరవాత తట్టింది."

"ఏం జరిగిందమ్మా?"

"ఏటీ జరగలేదండి. అదేనండి, ఏటీ జరగలేదు." బెంచీ మీద కూలబడింది. "మొదటి రోజు బాగానే ఉంది. సైగలన్నీ మామూలుగానే సేసేను. రెండోరోజు పక్కింటోళ్ళ దూడ మా పెరట్లో పడి సేసిన అల్లరి సెప్పింది. మా అమ్మ ఏదైనా సెప్తే కడుపు సెక్కలవుద్దండి, మీకు తెలీదు. నేను నోటితోనే నవ్వేను. మజ్జిలోనే ఆపేసింది. రాత్రి నాకు జ్వరమేటి అని నుదురు పట్టుకు సూసింది. తరవాత మరి నాతో ఏటీ సెప్పడం మానేసింది. నా వైపు సూడ్డమే మానేసింది."

మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది.

"మీరు కోపంగా మాట్లాడితే మీ గొంతులో తెలుస్తది కదండి. ప్రేమగా మాట్లాడితే అదీ తెలుస్తది. మా అమ్మకి నా గొంతు ఎప్పుడూ ఇనపడలేదండి. ఇదే," అని నుదుటి మీద వేళ్ళు పెట్టుకుంది.

అప్పుడు కూడా నేను వద్దని చెప్పలేదు. చెప్పనందుకు నేను గర్వపడను, కానీ అది సరైన పనే అనుకుంటాను. శేషుకి అక్కడి నుంచే ఫోన్ చేసి అడిగాను, కదలిక కొంత ఉండేలా తక్కువ డోసు వేస్తావా అని. "వేస్తాను. ఎంత కదలిక మిగులుతుందో మాత్రం మాట ఇవ్వలేను," అన్నాడు. నిజాయితీగల జవాబు. అదే రత్నానికి చెప్పాను. తక్కువ వేయించుకోవచ్చు, ఏడాది ఆగవచ్చు, అసలు వేయించుకోకపోవచ్చు, ఏది చేసినా నిన్ను తప్పు పట్టను. మేనేజరు అన్నంత పనీ చేస్తే నేనేం చేయలేనని కూడా చెప్పాను. అనుకున్నట్టే హోటలు వాళ్ళు ఆ తర్వాత ఆమెను టెలిఫోన్ గదికి మార్చారు. ఒక నెల ఏడ్చింది. ఆ గదిలో కిటికీ కూడా లేదట. మంచి పనికి మంచి ఫలితం వచ్చిందని మీకు చెప్పాలని నాకూ ఉంది గాని అలా జరగలేదు. ఇంకెవరైనా ఆ పరిస్థితిలో ఇంజెక్షనే ఎంచుకుని ఉంటే వాళ్ళది తెలివితక్కువ అని నేను అనను. తల్లికి చెవులు వినపడే పిల్ల అయితే నేనే సరేనని ఉండేదాన్నేమో.

అందుకే మా మేనకోడలికి చెప్పాను. గీతలు ఎన్ని ఉన్నాయో తర్వాత చూడు. ముందు ఆ పిల్లను మాట్లాడించు. ఎవరి మాట విని వచ్చింది, ఆ మొహాన్ని రోజూ ఎవరు చూస్తారు, ఎవరు చూడకపోతే ఆ పిల్లకు తోచదు, ఇవి అడుగు. అడిగాక వెయ్యాలనిపిస్తే వెయ్యి.

ఆరోజు నేను చెప్పిందంతా విని రత్నం లేచి నా బల్ల మీది ఫోన్ తీసి శేషు క్లినిక్‌కి కలిపింది. అవతల ఎవరో పలికారు కాబోలు, హోటల్ గొంతు వచ్చేసింది. మెత్తగా, ఒక్క మాట కూడా తొట్రుపడకుండా మాట్లాడింది.

"నమస్కారమండీ. రేపటి అపాయింట్‌మెంట్ విషయం. క్షమించండి, నేను రాలేకపోతున్నాను. లేదండీ, వేరే రోజుకు కూడా వద్దండీ. చాలా థాంక్సండీ."

గొంతు అలా పోతుంటే కళ్ళు మాత్రం తల్లి మీదే ఉన్నాయి. కనుబొమలు పైకి లేచాయి, ఒకటి దిగింది, రెండూ దగ్గరికొచ్చాయి. ఫోన్లో అవతలి మనిషి ఎలా బతిమాలుతున్నాడో ఆ నుదుటి మీద ఆడి చూపిస్తోంది. ఆఖరున నా వైపు ఒక చూపు విసిరి, నా కుర్చీ, నా కళ్ళద్దాలు, నా గొప్ప వైద్యం, అన్నిటినీ కలిపి ఒక్క ముడి వేసింది.

అప్పలనరసమ్మ పగలబడి నవ్వింది. తన నవ్వు తనకు వినపడని మనిషి కదా, హద్దు తెలియదు. బయట బెంచీ మీద ఉన్నవాళ్ళంతా లేచి తలుపు దగ్గరికి వచ్చారు.